బకెట్లు చివర్లో పంచండి: వరంగల్ లాంటి ఊళ్ళో చెత్త రీసైక్లింగ్ ఎలా మొదలుపెట్టాలి

పొద్దున ఎనిమిది దాటితే మా గల్లీలోకి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. "పాత ఇనుప సామాన్లకు, ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలు" అని మైకులో రికార్డు వినిపిస్తూ మెల్లగా పోతుంది. విరిగిన బకెట్లు, తుప్పు పట్టిన మేకులు, నూనె డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళు గేటు దగ్గరికొస్తారు. మధ్యాహ్నానికి ఆటోలో ఉల్లిగడ్డలు అయిపోయి తుక్కు నిండుతుంది. ఇనుము వేరుగా దాచిపెట్టమని ఆ ఇళ్ళకు ఎవరూ అవగాహన సదస్సు పెట్టలేదు. తీసుకునేవాడు వస్తాడని తెలుసు కాబట్టి దాచిపెడతారు.

నగరంలో రీసైక్లింగ్ ప్రోగ్రాం మొదలుపెట్టాలనుకునే కార్పొరేటర్‌కైనా, మున్సిపల్ ఉద్యోగికైనా, కాలనీ కమిటీకైనా, మహిళా సంఘానికైనా ముందు ఈ ఆటోనే చూపిస్తాను. మనం సాధారణంగా తలకిందులుగా మొదలుపెడతాం. ముందు ఆకుపచ్చ బకెట్, నీలం బకెట్ పంచి ఫొటో దిగుతాం. ఆటో సంగతి తర్వాత చూస్తాం. ఆ చెత్త ఎక్కడికి పోవాలో చివర్న గుర్తొస్తుంది. దాన్ని తిరగేయండి. ముందు కొనేవాడిని వెతకండి, తర్వాత షెడ్డు, ఆ తర్వాత ఆటో. బకెట్ అన్నిటికంటే చివర్న రావాలి.

గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి. అన్నిట్లో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క డివిజన్ తీసుకోండి. లెక్క సులువుగా ఉండటానికి అందులో మూడు వేల ఇళ్ళు, ఇంటికి నలుగురు అనుకుందాం. మనిషికి రోజుకు 350 గ్రాముల చెత్త వేసుకుంటే 4,200 కిలోలు, అంటే నాలుగు టన్నుల పైమాటే. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదట తూకం వేయండి

350 గ్రాములన్నది నా అంచనా. మీ డివిజన్ సంగతి కాంటా మీదే తేలాలి. వరుసగా ఏడు రోజులు తూచండి. ఆదివారం తప్పకుండా ఉండాలి, ఆ రోజు కోడి ఈకలు, బొక్కలతో చెత్త రూపమే మారిపోతుంది. దగ్గర్లోని ధర్మకాంటా మీద ఆటోను నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి ఎక్కిస్తే బరువు తెలుస్తుంది.

బరువుతో పాటు లోపల ఏముందో తెలియాలి. నేల మీద పెద్ద టార్పాలిన్ పరిచి, వేరువేరు వీధుల నుంచి వచ్చిన చెత్తను దాని మీద పోసి పారలతో బాగా కలపండి. కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతా రెండూ తీసేయండి. మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయండి. వంద కిలోల దాకా మిగిలాక కూర్చుని ఏరండి. కూర తొక్కలు, అన్నం ఒక పక్క, అట్టలు, పేపర్లు ఒక పక్క, పాల కవర్లు, సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, బట్టలు, డైపర్లు, మట్టి, ఇలా వేరువేరు కుప్పలు. ఒక్కో కుప్పను తూచి రాసుకోండి.

ఈ పని వేరేవాళ్ళకు అప్పజెప్పి రిపోర్టు తెప్పించుకోకండి. ఒక్కరోజైనా గ్లవ్స్ వేసుకుని మీరే కూర్చోండి. మన ఊళ్ళ చెత్తలో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, తడిదే ఉంటుంది. మరో పెద్ద భాగం చూసి మీరు ఆశ్చర్యపోతారు: మట్టి. రోడ్లు ఊడ్చిన దుమ్మూ, మోరీల్లో తీసిన పూడికా ఇంటి చెత్తలో కలిసి బరువు పెంచుతాయి, కంపోస్టును పాడు చేస్తాయి. వాటికి వేరే బండి పెట్టించండి. ఈ ఒక్క మార్పుతో ప్రోగ్రాం సగం తేలికవుతుంది.

కబాడీ దుకాణాల చుట్టూ తిరగండి

చెత్త వేరు చేయించడానికి ముందే ఏది ఎవరు కొంటారో తేల్చుకోవాలి. ఒక నోటుబుక్కు పట్టుకుని ఊళ్ళో ఉన్న పాత సామాన్ల దుకాణాలన్నీ తిరగండి. ఆఫీసర్ లాగా వెళ్తే సరిగ్గా మాట్లాడరు. చాయ్ తాగుతూ కూర్చోవాలి. అడగాల్సినవి నాలుగే: ఏం కొంటావు, ఎంతకు, కనీసం ఎంత సరుకు ఉండాలి, బండి నువ్వు పంపుతావా మేం తేవాలా.

మేం ఈ పని మొదలుపెట్టినప్పుడు ఒక దుకాణదారు నాకు మొదటి రోజే పాఠం చెప్పాడు. మేం తెచ్చిన అట్టల కట్టను వేళ్ళతో నొక్కి, వాసన చూసి పక్కకు తోశాడు. "సార్, మీ మాల్ తడిసొచ్చింది. పప్పుచారు వాసనొస్తుంది. ఎండితే తీస్కరాండ్రి, లేకుంటే వాపస్ తీస్కపోండ్రి." కూర రసం అంటిన అట్టకు అట్ట ధర రాదు. తడి, పొడి వేరుగా ఎందుకుండాలో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

తిరిగాక మీ నోటుబుక్కులో మూడు పేజీలు తయారవుతాయి. మొదటిది, వెంటనే అమ్ముడుపోయేవి: ఇనుము, అల్యూమినియం, అట్టలు, పుస్తకాలు, నీళ్ళ సీసాలు, గట్టి ప్లాస్టిక్, పాల కవర్లు. పాల కవర్‌ను చాలామంది చిల్లర చెత్త అనుకుంటారు. కడిగి ఆరబెట్టినది చక్కగా పోతుంది. రెండో పేజీలో ఎక్కువ పోగైతేనే కొనేవి ఉంటాయి. గాజు సీసాలు, క్యారీ బ్యాగులు, పాత చెప్పులు ఇందులోకి వస్తాయి. మూడో పేజీ ఎవరూ కొననివి: చిప్స్, గుట్కా ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, థర్మాకోల్, పేపర్ కప్పులు. పేపర్ కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి అది పేపర్‌లో చేరదు.

మూడో పేజీకి దారి సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు బట్టీలో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పనికిరాని ప్లాస్టిక్‌ను బొగ్గుతో పాటు ఇంధనంగా వాడుకోవచ్చు. ఉత్తర తెలంగాణలో బసంత్‌నగర్, దేవాపూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. తీసుకుంటారా, ఎంత తేమ వరకు ఒప్పుకుంటారు, రవాణా ఖర్చు ఎవరిది, ఈ మూడూ ముందే కాగితం మీద రాయించుకోండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే కిలోకు 1,500 కిలో కేలరీలు, ఆపైన వేడినిచ్చే పనికిరాని చెత్తను ల్యాండ్‌ఫిల్‌లో పూడ్చొద్దన్నాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలకు ఆ ప్యాకింగ్‌ను వెనక్కి సేకరించే బాధ్యత కూడా చట్టంలో ఉంది. దాని కింద వచ్చే డబ్బుతో రవాణా ఖర్చు కొంత తీరుతుందేమో కార్పొరేషన్ ద్వారా కనుక్కోండి.

గాజుతో మేం దెబ్బతిన్నాం. కొనేవాడు దొరక్కముందే బీరు సీసాలు, పగిలిన అద్దాలు పోగుచేశాం. మూడు నెలల్లో షెడ్డు మూలంతా గాజే. ఒక వర్కర్ కాలికి దిగింది కూడా. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతాను: దారి దొరకని వస్తువును కొన్నాళ్ళు సేకరించకండి.

పాత సామాన్లవాళ్ళను, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్ళను పోటీగా చూడొద్దు. మీరు రాకముందు ఊరిలో రీసైక్లింగ్ నడిపింది వాళ్ళే. ఏరుకునేవాళ్ళకు గుర్తింపు కార్డులిచ్చి షెడ్డులో పనికి పిలవండి. ప్లాస్టిక్‌ను చేత్తో నలిపి, చప్పుడు విని రకం చెప్పగలిగే మనిషి ట్రైనింగ్ ఇస్తే తయారుకాడు.

షెడ్డు, కంపోస్టు జాగా

పొడి చెత్తకు మూడు గుంటల జాగా, పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, చుట్టూ జాలీ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఏరడానికి నడుము ఎత్తు బల్లలు చేయించండి. వంగి ఏరే పని నెల తిరగకుండానే మనిషిని పడగొడుతుంది. ఇసుక బకెట్లు, నీళ్ళ డ్రమ్ము గుమ్మం దగ్గరే పెట్టాలి. బీడీకి అనుమతి లేదు. పాత ఫోన్ బ్యాటరీలు ప్లాస్టిక్ కుప్పలో పడితే అగ్గి పుడుతుంది, వాటికి మూతున్న వేరే డబ్బా ఉండాలి. సరుకును నొక్కి కట్టలు కట్టే బేలింగ్ మిషన్ వెంటనే కొనాల్సిన పనిలేదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే ఊరు మనది, బేల్ కడితే లారీలో ఎంత జాగా కలిసొస్తుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ సరుకు నిలకడగా వస్తోందని మూడు నెలలు చూశాకే ఖర్చు పెట్టండి.

అసలు తలనొప్పి తడి చెత్త. మన లెక్కలో రోజుకు రెండు టన్నుల పైన వస్తుంది. వరుస కుప్పల పద్ధతిలో కంపోస్టు చేయడానికి, జల్లెడ పట్టడానికి, నిల్వకు కలిపి ఎనిమిది గుంటలుంటే ఊపిరి ఆడుతుంది. పైకప్పు తప్పనిసరి. కప్పు లేకపోతే ఒక్క ముసురుకు కుప్పంతా కుళ్ళి నల్లనీళ్ళు కారతాయి. జాగా చెరువుకూ బోర్లకూ దూరంగా ఉండాలి.

కంపోస్టు వంట లాంటిది, పాళ్ళు తప్పితే చెడుతుంది. తడి చెత్త ఒక్కటే పోస్తే గాలి ఆడక కంపు కొడుతుంది. మేం మొదటి నెల అదే చేశాం. పక్క గల్లీవాళ్ళు మూకుమ్మడిగా వచ్చి గేటుకు తాళం వేశారు, వాళ్ళది న్యాయమే. తడి చెత్త మధ్యలో పొడిది పొరలుగా పడాలి: రాలిన ఆకులు, రంపపు పొట్టు, వరి ఊక, చెరకు రసం బండ్ల దగ్గర మిగిలే పిప్పి. పిప్పిని ఎండబెట్టి ముక్కలు చేస్తే చాలా బాగా పనిచేస్తుంది, పైగా ఎండాకాలంలో ఉచితంగా దొరుకుతుంది. పలుచటి పేడ నీళ్ళు చల్లండి. కుప్ప ఎత్తు అయిదడుగులు దాటనివ్వకండి.

తేమ చూడటానికి మిషన్ వద్దు. లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ధార కారితే పొట్టు కలపాలి, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్ళు చల్లాలి. వేడి చూడటానికి ఒక ఇనుప కడ్డీని కుప్ప నడుమ దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పట్టుకుని ఎక్కువసేపు ఉంచలేనంత వేడిగా ఉంటే లోపల 55 డిగ్రీలు దాటిందన్నమాట. రోగక్రిములు, కలుపు విత్తనాలు చచ్చేది ఆ వేడికే. కడ్డీ చల్లగా వస్తే కుప్పను తిరగేయాల్సిందే. వారానికోసారి ఎలాగూ తిరగేయాలి. 45 నుంచి 60 రోజుల్లో మట్టివాసన వచ్చే నల్లటి ఎరువు తయారవుతుంది. 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పరీక్ష చేయించాకే రైతుకివ్వండి. గాజు పెంకు, ప్లాస్టిక్ ముక్క ఉన్న ఎరువును ఒకసారి పొలంలో చల్లిన రైతు రెండోసారి ఉచితంగా ఇచ్చినా తీసుకోడు.

ఆటోలో ఓడిపోతాం

ఒక ఇంటికి అరనిమిషం పడుతుందనుకుంటే 600 ఇళ్ళకు అయిదు గంటలు. కాబట్టి 3,000 ఇళ్ళకు అయిదు ఆటోలు కావాలి, ఒక్కోటి రెండు ట్రిప్పులు వేయాలి.

మొదట్లో మా ఆటోల్లో సరిగ్గా మధ్యకు చెక్క అడ్డం పెట్టించి సంబరపడ్డాం. మూడో వారం ఒక డ్రైవర్ చెక్క పీకేసి అంతా కలిపి పోసుకుంటూ కనిపించాడు. తిట్టబోయాను. అతను ఆటో వెనక తలుపు తీసి చూపించాడు. పొద్దున తొమ్మిదికే పొడి వైపు అట్టపెట్టెలు, సీసాలతో నిండి పొర్లుతోంది. తడి వైపు సగం ఖాళీ. తడి చెత్తకు బరువెక్కువ, పొడి చెత్తకు జాగా ఎక్కువ. ఈ చిన్న సంగతి మాకు తట్టలేదు, రోజూ మోసే అతనికి తెలుసు.

ఆ తర్వాత చెక్కలు తీసేసి రోజులు విడగొట్టాం. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండు రోజులు. పొడి రోజుల్లో ఆటో తడి ట్రిప్పు ముగించి, రెండో ట్రిప్పుకు పెద్ద సంచులతో వస్తుంది. పొడి చెత్త వారం ఉన్నా కుళ్ళదు కదా. ఎవరు మొదలుపెట్టినా ఇదే పద్ధతి పెట్టుకోమంటాను. పొడి రోజులు ఏవైనా పర్లేదు, మార్చకుండా ఉంటే చాలు.

మా వాడలో ఒక అవ్వ నెల రోజులు బుద్ధిగా రెండు బకెట్లలో వేసింది. ఒక పొద్దున వాకిట్లో నిలబడి నన్ను ఆపింది. "మేం గిట్ల ఏరి ఏరి పెడ్తే, ఆ పిలగాడు నా కండ్ల ముందట్నే కలిపి పోసిండు బిడ్డా. మల్ల గీ రెండు బకెట్లు ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి ఒక్క బకెట్టే పెట్టింది. ఆమెను చూసి ఎదురిల్లు, ఆ తర్వాత పక్కిల్లు. డ్రైవర్ ఒక్కసారి కలిపితే గల్లీ మొత్తం పోయినట్టే.

అందుకే ఇళ్ళకంటే ముందు డ్రైవర్లకు, వర్కర్లకు చెప్పండి. గ్లవ్స్, బూట్లు, మాస్కు, రెయిన్‌కోటు, మెరిసే జాకెట్ ఇవ్వాలని 2016 నిబంధనల్లోనే రాశారు. చిరిగిన గ్లవ్స్‌తో పనిచేసే మనిషికి నీతులు చెప్పకండి. పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బులో వాళ్ళకు వాటా ఇవ్వండి. వాటా ఉన్న డ్రైవర్ కలిపిన బకెట్‌ను తానే ఆపుతాడు, మీ సూపర్‌వైజర్ వెంటపడాల్సిన పని తగ్గుతుంది.

ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళండి

షెడ్డు, ఆటోలు పదిహేను రోజులు సాఫీగా నడిచాయని చూసుకున్నాక బకెట్లు పంచండి. నిజానికి పంచకపోయినా నడుస్తుంది. తడికి మూతున్న పాత బకెట్, పొడికి బియ్యం సంచి చాలు, బియ్యం సంచి లేని ఇల్లు మన దగ్గర లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో చెత్తను నాలుగు రకాలుగా ఇవ్వమన్నారు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. శానిటరీ అంటే ప్యాడ్లు, డైపర్లు. పేపర్‌లో చుట్టి వేరుగా ఇవ్వమని చెప్పాలి. ఈ మాట చెప్పడానికి మగ సూపర్‌వైజర్‌ను పంపకండి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల వాళ్ళు వెళ్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ప్రత్యేక జాగ్రత్తవి అంటే బల్బులు, బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, గడువు దాటిన మందులు. అవి రోజూ రావు, నెలకోసారి తీసుకుంటే సరిపోతుంది.

ఇంటింటికీ ఒకే ప్రసంగం ఇవ్వొద్దు. జనం అడిగే ప్రశ్నలకు జవాబులు చేతిలో పెట్టుకోండి. కొబ్బరి చిప్ప ఎందులో? తడిలోనే, కానీ ముక్కలు చేయకపోతే కుళ్ళడానికి నెలలు పడుతుంది. బొక్కలు? తడి. టీ పొడి ఉన్న పేపర్ కప్పు? ఖాళీ చేసి, ఆరబెట్టి పొడి చెత్తలో. చీర ముక్క? పొడిలో. ఊడ్చిన దుమ్ము? చెట్టు మొదట్లో పోసుకోవచ్చు.

మొదటి రెండు వారాలు కలిపి ఇచ్చినా తీసుకోండి, కానీ అక్కడే నిలబడి చూపించండి. మూడో వారం నుంచి కలిపిన బకెట్ వాపస్ ఇవ్వండి. జరిమానా ఆ తర్వాతి మాట. ముందే జరిమానా అంటే రాత్రిపూట చెత్త కవర్లు మోరీలోకి వెళ్తాయి, వానకు నయీంనగర్ నాలా లాంటివి పొంగితే ఏమవుతుందో హనుమకొండలో చూసినవాళ్ళమే.

హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, పండుగలు

రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్ళు, హాస్టళ్ళు, ఫంక్షన్ హాళ్ళను ఇళ్ళతో కలపకండి. వాటి బాధ్యత నిబంధనల ప్రకారం వాళ్ళదే, మీ ఆటో ఉచితంగా మోస్తే అయిదు ఆటోలూ అక్కడే నిండిపోతాయి. ఆసుపత్రి చెత్త జోలికి అసలు పోవద్దు, దానికి వేరే చట్టం, వేరే బండి ఉన్నాయి. సూది కనిపించిన ట్రిప్పును అక్కడే ఆపి ఫిర్యాదు చేయండి. పెళ్ళిళ్ళ సీజన్లో సిద్దిపేట వైపు నడిచే స్టీల్ బ్యాంకుల పద్ధతి చూసి రండి. మహిళా సంఘం ప్లేట్లు, గ్లాసులు అద్దెకిస్తుంది, ఆ మేరకు పేపర్ ప్లేట్ల గుట్ట పుట్టదు.

బతుకమ్మకు ముందే సిద్ధం కావాలి. సద్దుల బతుకమ్మ మర్నాడు పద్మాక్షి గుండం, భద్రకాళి చెరువు గట్ల వెంట తంగేడు, బంతి, గునుగు గుట్టలుగా తేలుతాయి. తెల్లవారుజామునే తీస్తే బంగారం లాంటి కంపోస్టు సరుకు, మధ్యాహ్నం దాటితే కుళ్ళిన నీళ్ళు. రంగులద్దిన గునుగును మాత్రం విడిగా తీయండి, ఆ రంగు ఏ రసాయనమో మనకు తెలియదు, రైతు పొలంలోకి పంపలేం. పూలకు కట్టిన దారాలు, అగరుబత్తి కవర్లు ఏరడానికి మనుషులు ఎక్కువ కావాలి, ఆ రోజు కూలీ ముందే లెక్కలో వేసుకోండి.

రోజూ రాసే పుస్తకం

కంప్యూటర్ ఉన్నా ఒక పొడవాటి రిజిస్టర్ పెట్టండి. ఆటో నంబర్, తడి కిలోలు, పొడి కిలోలు, అమ్మినది, డంప్ యార్డుకు పోయినది. ఈ చివరి గడి మీదే కన్నుంచండి. మన డివిజన్ నుంచి రాంపూర్ యార్డుకు రోజుకు నాలుగు టన్నులు పోయేది ఎన్ని కిలోలకు తగ్గిందన్నదే ప్రోగ్రాం మార్కులు. పాత సామాను అమ్మిన డబ్బుతో జీతాలన్నీ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి, రావు. తుక్కు ధర ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండదు. కార్పొరేషన్ ఎలాగూ చెత్త మోయడానికి పెట్టే డీజిల్, మనుషుల ఖర్చులో ఎంత మిగిలిందో కూడా పక్కన రాస్తేనే అసలు లెక్క కనిపిస్తుంది.

మొదలుపెట్టడానికి వానలు తగ్గి దసరా దాటిన తర్వాత మంచిది. జూన్‌లో మొదలుపెడితే కంపోస్టు నేర్చుకోకముందే వాన ముంచుతుంది. ఆరు నెలలు ఒక్క డివిజన్‌లోనే ఉండండి. రెండో డివిజన్‌కు వెళ్ళే రోజున ఫ్లెక్సీలు కాకుండా, మొదటి డివిజన్‌లో చెక్క పీకేసిన ఆ డ్రైవర్‌ను వెంట తీసుకెళ్ళండి. అక్కడి డ్రైవర్లకు ఆటో వెనక తలుపు తీసి అతన్నే చూపించమనండి.